తుపాకీ పేల్చిన రాత్రే గొట్టం కడగాలి

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నీ దాదాపు ఒకే విషయం మీద ఉన్నాయి: మూతి వైపు నుంచి మందు కూరి పేల్చే తుపాకులు. ఇక్కడ అందరూ మజిల్‌లోడర్ అంటారు కాబట్టి నేనూ ఆ మాటే వాడతాను. పెన్సిల్వేనియాలో క్రిస్మస్ మర్నాడు, డిసెంబర్ 26న, ఫ్లింట్‌లాక్ సీజన్ మొదలై సంక్రాంతి రోజుల దాకా నడుస్తుంది. ఫ్లింట్‌లాక్ అంటే మన చెకుముకి రాయి తుపాకీయే. రాయి ఉక్కును గీస్తే రాలే నిప్పురవ్వ మందును అంటించాలి. అగ్గిపెట్టె దొరకని పొలంలో మా తాతయ్య చుట్ట ముట్టించుకున్నదీ ఆ రవ్వతోనే. 1974లో ఈ సీజన్ పెట్టినప్పటి నుంచి ఇక్కడివాళ్ళు దీన్ని చాలా ప్రేమగా చూసుకుంటున్నారు. మన తెలుగు కుర్రాళ్ళు కూడా కొందరు లైసెన్సు తీసుకుని ఇందులోకి వస్తుంటే నాకు సంతోషంగా ఉంది. తుపాకీ కొనేటప్పుడు పెట్టిన శ్రద్ధ కడిగేటప్పుడు పెట్టకపోవడం మాత్రం బాధగా ఉంది.

ఒక్క మాట ముందే చెప్తాను. బ్లాక్ పౌడర్‌ను ఇద్దరు పాఠకులు ‘నల్లమందు’ అని రాశారు. మన భాషలో నల్లమందు అంటే అభిని. తుపాకి మందు అనండి, లేదా బ్లాక్ పౌడర్ అనే రాయండి.

ప్రశ్న: నమస్కారం అండీ. ఇది నా మొదటి ఫ్లింట్‌లాక్ సీజన్. నాది .50 కాలిబర్ తుపాకీ, అసలైన బ్లాక్ పౌడరే వాడతాను. 26వ తేదీ సాయంత్రం ఒక తెల్లతోక జింక మీద పేల్చాను, తగల్లేదు. మర్నాడు మళ్ళీ వెళ్ళాలి కదా అని కడగకుండా గరాజ్‌లో పెట్టాను. 28న తెల్ల గుడ్డముక్క లోపలికి పంపితే నారింజ రంగులో తిరిగొచ్చింది. గొట్టం పాడైపోయినట్టేనా? సీజన్‌లో రోజూ కడగాలా? గొట్టానికి దోసెల పెనంలా నూనె పట్టిస్తే ఇక నీళ్ళు తగలనివ్వక్కర్లేదని నా స్నేహితుడు అంటున్నాడు. చాలా టెన్షన్‌గా ఉంది.
— ఒక పాఠకుడు, అలెన్‌టౌన్, పెన్సిల్వేనియా

జవాబు: ముందు ఆ టెన్షన్ వదిలేయండి. రెండు రోజుల్లో పట్టింది పైపొర తుప్పు. ఒక రాత్రి గంటసేపు కూర్చుంటే పోతుంది. ఎలాగో చివర్లో చెప్తాను. మీ స్నేహితుడి మాట మాత్రం దయచేసి వినకండి. నాకు తెలిసి ఈ దేశంలో మంచి గొట్టాలను ఎక్కువగా పాడుచేసిన మాట అదే.

దోసెల పెనం పోతపోసిన ఇనుము. పొయ్యి మీద కాల్చి నూనె రాస్తే ఆ వేడికి నూనె గట్టిపడి పెనానికి పొరలా అతుక్కుంటుంది, దీన్నే సీజనింగ్ అంటారు. రోజూ అదే వేడి, అదే నూనె కాబట్టి ఆ పొర నిలుస్తుంది. తుపాకీ గొట్టం ఉక్కు. దానికి వేడి తగిలేది రెప్పపాటు సేపు. ఆ రెప్పపాటులోనే దాని మీద ఉప్పు కూడా వచ్చి పడుతుంది. అవును, ఉప్పే. బ్లాక్ పౌడర్‌లో 75 పాళ్ళు సురేకారం, 15 పాళ్ళు బొగ్గు, 10 పాళ్ళు గంధకం. అది మండినప్పుడు బరువులో సగానికి పైగా గ్యాస్‌గా మారదు. పొటాషియం కార్బొనేట్, పొటాషియం సల్ఫేట్, సల్ఫైడ్ లాంటి లవణాలవుతుంది. కొంత పొగతో పాటు బయటికి పోతుంది, మిగిలింది గొట్టం గోడలకు అంటుకుంటుంది. వానాకాలంలో ఉప్పు జాడీ మూత తీసి పెడితే ఏమవుతుందో మన ఇళ్ళలో అందరికీ తెలుసు. గొట్టంలో జరిగేదీ అదే. ఆ లవణాలు గాలిలోని తేమను లాక్కుంటాయి, ఆ తడి ఉక్కును తింటుంది. పైన నూనె రాస్తే ఉప్పు ఎక్కడికీ పోదు, నూనె కింద దాక్కుంటుంది. కొన్నాళ్ళకు గుడ్డముక్క గోధుమరంగులో వస్తుంటే ‘సీజనింగ్ పట్టింది’ అనుకుంటారు. ఆ గోధుమరంగు తుప్పే. ఉప్పును కరిగించేది నీళ్ళు. కాబట్టి నీళ్ళతో కడగాలి, పేల్చిన రాత్రే కడగాలి.

ఇది నేను పుస్తకం చూసి చెప్పట్లేదు. 27 ఏళ్ళు లేత్ మెషిన్ మీద ఉక్కు చెక్కి బతికినవాణ్ణి. తుప్పు గురించి నాకు ఒకరు చెప్పక్కర్లేదు అనుకునేవాణ్ణి. నా మొదటి ఫ్లింట్‌లాక్ కొన్న ఏడాది, భోగి ముందు రోజు సాయంత్రం ఒకే ఒక్క గుండు పేల్చాను. ఇంటికి మూడు గంటల డ్రైవ్. ఇంటికి చేరేసరికి నిండా చుట్టాలు, వంటింట్లో అరిసెల పాకం. ‘ఒక్క గుండే కదా’ అని లోపల కాస్త నూనె గుడ్డ తిప్పి బీరువాలో పెట్టేశాను. నాలుగో రోజు, కనుమ దాటాక తీసి, చిన్న బల్బు లోపలికి దించి చూశాను. అడుగున, సరిగ్గా మందు కూర్చునే చోట, స్ఫోటకం మచ్చల్లాంటి గుంటలు. ఎంత రుద్దినా తుప్పు పోయింది గానీ గుంటలు పోలేదు. తర్వాత పేల్చినప్పుడల్లా మసి ఆ గుంటల్లోనే చేరేది, గుండుకు చుట్టే గుడ్డ అక్కడే చిరిగేది. 50 గజాల దూరంలో అరచేతిలో పట్టేంత దగ్గరగా పడే గుండ్లు అన్నం పళ్ళెమంత వెడల్పున చెదిరిపోయేవి. చివరికి గొట్టం తొలిపించి లోపల కొత్త లైనర్ వేయించాల్సి వచ్చింది. మంచి పనివాడు చేసిన గొట్టం అది. నా బద్ధకం వల్ల పోయింది. ఆ సంగతి గుర్తొస్తే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ఇప్పుడు నేను కడిగే పద్ధతి చెప్తాను.

మొట్టమొదట తుపాకీ ఖాళీగా ఉందో లేదో చూడాలి. గొట్టం ఖాళీగా ఉన్నప్పుడు రామ్‌రాడ్‌ను, అంటే మందూ గుండూ కూరే కడ్డీని, అడుగు దాకా దించి, మూతి దగ్గర కడ్డీ మీద ఒక గీత గీసి పెట్టుకోండి. మందూ గుండూ ఉన్నప్పుడు ఎక్కడిదాకా దిగుతుందో అక్కడ ఇంకో గీత. కడగబోయే ముందు ప్రతిసారీ కడ్డీ దించి, ఖాళీ గీత మూతికి సమంగా వచ్చిందా అని చూడండి. అలవాటైన చేతులు కూడా ఈ పని మానకూడదు.

తర్వాత లాక్, అంటే చెకుముకి రాయీ, నిప్పు అంటించే మందు వేసే చిన్న పాన్ ఉన్న యంత్రం, దాని మరలు విప్పి, మొత్తం ఊడదీసి పక్కన పెడతాను. నాది లాంకాస్టర్ పద్ధతి పొడుగు రైఫిల్, 18వ శతాబ్దంలో ఆ చుట్టుపక్కల జర్మన్ పనివాళ్ళు చేసిన తుపాకుల పోలిక. గొట్టం 42 అంగుళాలు. ఇలాంటివాటిలో గొట్టాన్ని సన్నని పిన్నులతో కొయ్యకు బిగిస్తారు. కడిగినప్పుడల్లా పిన్నులు పీకితే కొయ్య చీలుతుంది. అందుకని గొట్టాన్ని కొయ్యలోనే ఉంచి, పాన్ నుంచి లోపలి మందుకు మంట వెళ్ళే నిప్పు రంధ్రంలో ఒక టూత్‌పిక్ గట్టిగా గుచ్చి, లాక్ ఉండే చోట పాత తువ్వాలు చుట్టి, మూతి నుంచి గోరువెచ్చని నీళ్ళు పోస్తాను. మీది హాకెన్ రకం, గొట్టం అడుగు కొక్కెంతో తగులుకునే హుక్ బ్రీచ్ ఉన్నదైతే పని ఇంకా సులువు. అడ్డచీల లాగితే గొట్టం ఊడి వస్తుంది. అడుగు భాగాన్ని బకెట్లో ముంచి, కడ్డీ చివర బిగించే జాగ్‌కు గుడ్డ పెట్టి పైకీ కిందికీ ఆడిస్తే సైకిల్ పంపులా నీళ్ళు లోపలికి లాగుతుంది, బయటికి చిమ్ముతుంది.

మరిగే నీళ్ళు వద్దు. వేడికి తొందరగా ఆరుతుందని చాలామంది కాగే నీళ్ళు పోస్తారు. వేడి ఉక్కు మీద ఆరీ ఆరని నీళ్ళు నిమిషాల్లో పసుపు రాసినట్టు సన్నని తుప్పు పూస్తాయి. చన్నీళ్ళైనా ఫరవాలేదు, గోరువెచ్చనివైతే చేతికి హాయి. గిన్నెలు తోమే సబ్బు ఒక్క చుక్క చాలు.

నీళ్ళు నింపి, మూతిని బొటనవేలితో మూసి, తుపాకీని నాలుగైదుసార్లు అటూ ఇటూ వంచి, ఒక నిమిషం నాననిచ్చి ఒంపేయండి. మొదటిసారి వచ్చే నీళ్ళు సిరాలా నల్లగా, కుళ్ళిన కోడిగుడ్డు వాసనతో ఉంటాయి. అది సల్ఫైడ్ వాసన. రెండోసారి బూడిదరంగు. మూడు, నాలుగోసార్లకు తేటగా వస్తాయి. తేట పడేదాకా ఆపకండి. ఈ పని వంటింటి సింకులో మాత్రం వద్దు. ఆ నీళ్ళలో సీసం నలుసులు ఉంటాయి. దీనికోసం వేరే బకెట్ పెట్టుకోండి, పని అయ్యాక చేతులు సబ్బుతో బాగా కడుక్కోండి, ఆ తర్వాతే పిల్లల్ని ఎత్తుకోండి.

నీళ్ళు తేట పడ్డాక టూత్‌పిక్ తీసి, తడి గుడ్డముక్కలు రెండు, ఆ పైన పొడి గుడ్డముక్కలు వరసగా పంపుతాను. మా నాన్నగారి పాత నూలు పంచెలను రెండంగుళాల చదరాలుగా కత్తిరించి డబ్బాలో పెట్టుకున్నాను. ఉతికి ఉతికి మెత్తబడిన నూలుకు సాటి లేదు. పొడి గుడ్డ పొడిగానే తిరిగి వచ్చేదాకా పంపాలి, ఆరో ఏడో పడతాయి. అడుగున గొట్టం గోడ, గొట్టాన్ని వెనక మూసే బ్రీచ్ ముఖం కలిసే మూల ఒకటి ఉంటుంది. గుండ్రటి జాగ్ ఆ మూలకు అందదు, మసి అక్కడే గడ్డకడుతుంది. చదునైన అంచున్న స్క్రేపర్‌ను కడ్డీకి బిగించి, అడుగున ఆనించి మెల్లగా తిప్పండి. ఎంత శుభ్రంగా కడిగాను అనుకున్న రోజు కూడా ఆ మూల నుంచి చిటికెడు నల్లపొడి వస్తుంది.

చివరగా రబ్బింగ్ ఆల్కహాల్‌తో తడిపిన గుడ్డ ఒకటి. ఎక్కడైనా దాగిన తడి ఉంటే దానితో పాటు ఆవిరైపోతుంది. ఐదు నిమిషాలు ఆగి, మంచి తుపాకీ నూనె రాసిన గుడ్డను అడుగు దాకా రెండుసార్లు తిప్పండి. లాక్‌ను కూడా బ్రష్‌తో కడిగి, ఆరబెట్టి, ఒక్కో కీలు దగ్గర ఒక్కో చుక్క నూనె వేయండి. తుపాకీని ఆ రాత్రి మూతి కిందికి ఉండేలా ఒక పాత గుడ్డ మీద నిలబెట్టండి. మూతి పైకి పెడితే ఎక్కువైన నూనె అడుగుకు దిగి నిప్పు రంధ్రంలో చేరుతుంది. మర్నాడు తెల్లవారుజామున జింక ఎదురుగా నిలబడితే మీ పాన్‌లో మెరుపు మెరుస్తుంది గానీ లోపలి మందు అంటుకోదు.

ఇంకా అయిపోలేదు. మర్నాడు సాయంత్రం ఒక పొడి గుడ్డను మళ్ళీ పంపి చూడాలి. చాలామంది వదిలేసేది ఈ మెట్టే. నూనె రంగులో వస్తే మంచిది. కాస్త గోధుమ ఛాయ కనిపిస్తే ఎక్కడో ఉప్పు మిగిలిందన్నమాట, మళ్ళీ నీళ్ళతో మొదలు. మూడు రోజుల తర్వాత ఒకసారి, వారం తర్వాత ఒకసారి చూసి, అప్పుడు బీరువాలో పెట్టి నిశ్చింతగా ఉంటాను.

రోజూ కడగాలా అని అడిగారు. గుండు పేలితే, ఒక్కటే అయినా, ఆ రాత్రి పూర్తిగా కడగాలి. పాన్‌లో మందు మాత్రమే మెరిసి లోపలిది అంటుకోకపోయినా పాన్‌కు, రాయి గీసే ఉక్కు పలక ఫ్రిజెన్‌కు, నిప్పు రంధ్రం చుట్టూ మసి పట్టినట్టే, వాటిని తుడవాలి. రోజంతా తిరిగి ఒక్కసారీ పేల్చకపోతే గొట్టం లోపల ఉప్పు లేదు కాబట్టి తొందర లేదు. మందు కూరిన తుపాకీని మాత్రం నేను ఇంట్లో పెట్టను. చీకటి పడకముందే వేట ముగించి, చట్టం ఒప్పుకునే చోట మట్టిగట్టు ముందు పేల్చి ఖాళీ చేస్తాను, లేదా నిప్పు రంధ్రం దగ్గర ఆనించే కార్బన్ డయాక్సైడ్ పరికరంతో గుండునూ మందునూ బయటికి తోసేస్తాను. కడగడం ఒక గంట ఎక్కువైతే ఎక్కువైంది, పిల్లలున్న ఇంట్లో నిండిన తుపాకీ ఉండకూడదు.

చలి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే మీ నారింజ రంగులో సగం పాపం దానిదే అయ్యుండొచ్చు. బయట సున్నాకు దిగువ చలిలో రోజంతా ఉన్న ఉక్కును హీటర్ వేసిన ఇంట్లోకి తెస్తే, ఫ్రిజ్‌లోంచి తీసిన స్టీలు చెంబుకు పట్టినట్టే చెమట పడుతుంది. బయటే కాదు, గొట్టం లోపల కూడా. పేల్చని రోజుల్లో ఖాళీ తుపాకీని తాళం వేసిన పెట్టెలో, వేడి లేని గరాజ్‌లోనే ఉంచండి. పేల్చిన రోజు ఎలాగూ కడుగుతారు కాబట్టి లోపలికి తేవచ్చు. ఒకవేళ పేల్చని రోజున లోపలికి తేవాల్సి వస్తే సంచి జిప్పు తీయకుండా రెండు మూడు గంటలు ఆగండి. ఉక్కు ఇంటి వేడికి వచ్చాక సంచి తీసి బయట పెట్టండి. నురుగు లైనింగ్ ఉన్న సంచిలో తుపాకీని నెలల తరబడి ఉంచడం మాత్రం తుప్పుకు పరుపు వేసినట్టే.

మంచు, వాన పడే రోజున మూతికి ఒక ఎలక్ట్రికల్ టేప్ ముక్క అంటించండి. పేల్చేటప్పుడు తీయక్కర్లేదు, గుండు ముందు తోసుకొచ్చే గాలే దాన్ని ఎగరగొడుతుంది. లాక్ మీద మైనం పట్టించిన తోలు ముక్క కట్టుకోండి. దీన్ని ఇక్కడ ‘ఆవు మోకాలు’ అంటారు. పాన్ అంచుకు కాస్త తేనెమైనం రాస్తే నీళ్ళు లోపలికి రావు. పాన్‌లో మందు మాత్రం గంటకొకసారి మార్చాల్సిందే. తడిస్తే అది అట్లపిండిలా పాన్‌కు అతుక్కుపోతుంది.

ఇక ఈ రాత్రి మీ పని. పైన చెప్పినట్టు కడిగి ఆరబెట్టండి. ఇత్తడి రంగు కంచు బ్రష్‌కు నూనె రాసి, గొట్టం పొడుగునా ఇరవైసార్లు ఆడించి, మళ్ళీ తుడవండి. తర్వాత జాగ్‌కు బిగుతుగా ఉండే పొడి గుడ్డ పెట్టి మెల్లగా కిందికి తోయండి. కళ్ళు మూసుకుని చేతికి తెలిసేదాన్ని గమనించండి. పై నుంచి అడుగు దాకా ఒకే బిగువుతో జారితే మీ గొట్టం క్షేమం. ఎక్కడైనా ఒక చోట గుడ్డ పట్టుకుని, మళ్ళీ వదిలితే అక్కడ గుంట ఉంది. మూతి దగ్గర కడ్డీని వేలితో పట్టుకుని బయటికి తీసి, గొట్టం పక్కన పెట్టి చూస్తే గుంట ఎక్కడుందో అంగుళంతో సహా తెలుస్తుంది. అప్పుడు తుపాకీ బాగుచేసేవారి దగ్గరికి వెళ్ళండి. రెండు రోజులకే అంత దూరం పోయి ఉండదని నా నమ్మకం.

ప్రశ్న: రేంజ్‌లో ప్రాక్టీస్ చేస్తుండగా నాలుగో గుండు గొట్టం సగంలో ఇరుక్కుపోయింది. పక్కనున్నాయన ‘పేల్చెయ్, అదే పోతుంది’ అన్నారు. భయమేసి పేల్చలేదు. మంచి పనేనా?
— ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

జవాబు: చాలా మంచి పని చేశారమ్మా. మందుకూ గుండుకూ మధ్య ఖాళీ ఉన్నప్పుడు పేలిస్తే గొట్టం ఉబ్బొచ్చు, పగలొచ్చు. చేతులు పోయేంత ప్రమాదం అది. గుండు మందు మీద ఆనిందని రామ్‌రాడ్ గీత చెప్తేనే పేల్చాలి.

ఇరుక్కున్నప్పుడు ముందు పాన్ ఖాళీ చేయాలి. నిప్పు రంధ్రం గుండా కాసిని నీళ్ళు ఎక్కించి లోపలి మందును బాగా తడపాలి. తడిసిన మందు అంటుకోదు. ఆ తర్వాతే కార్బన్ డయాక్సైడ్ పరికరంతో తోయడమో, గుండులోకి దిగే మర బిగించిన కడ్డీతో లాగడమో చేయాలి. ఈ పని చేస్తున్నంతసేపూ ముఖం మూతికి ఎదురుగా ఉండకూడదు. మొదటిసారైతే తెలిసినవాళ్ళను పక్కన కూర్చోబెట్టుకోండి.

మసి గట్టిపడటం వల్లే అది ఇరుక్కుంది. గుండుకూ గుండుకూ మధ్య గొట్టం తుడిస్తే ఈ బాధ ఉండదు. పేల్చాక ఒక నిమిషం ఆగి, నోటితో నాకినంత తడిగా ఉన్న గుడ్డముక్కను ఒక్కసారి అడుగు దాకా దించి పైకి లాగండి, వెంటనే ఒక పొడి గుడ్డ. నీళ్ళు కారేంత తడి ఉంటే మసి ముద్దయి నిప్పు రంధ్రాన్ని పూడుస్తుంది. చలిలో నీళ్ళు గడ్డకడతాయి కాబట్టి ఇక్కడివాళ్ళు కారు అద్దాలకు వాడే నీలం ద్రవం వాడతారు. అందులో సాధారణంగా మిథనాల్ ఉంటుంది, ఆరుబయటే వాడండి. ఇంకొకటి, సీసాలోంచి మందును నేరుగా గొట్టంలో ఎప్పుడూ పోయకండి. లోపల రవ్వ ఒక్కటి మిగిలినా సీసా మొత్తం చేతిలో పేలుతుంది. కొలపాత్రలో పోసి, ఆ కొలతే గొట్టంలో పోయాలి.

ప్రశ్న: నాది ఇన్‌లైన్ మజిల్‌లోడర్, అంటే గొట్టం వెనక నుంచి నేరుగా నిప్పు తగిలే కొత్త రకం. జనవరి సీజన్ కోసం తీస్తే వెనక ఉండే బ్రీచ్ ప్లగ్ ఊడి రావట్లేదు. నిరుడు బ్లాక్ పౌడర్‌కు బదులు పైరోడెక్స్ అనే మందు వాడాను. ఈసారి బ్లాక్‌హార్న్ 209 వాడమంటున్నారు. దానికీ నీళ్ళేనా?
— ఒక పాఠకుడు, కొలంబస్, ఒహాయో

జవాబు: పైరోడెక్స్‌లో పొటాషియం పెర్‌క్లోరేట్ ఉంటుంది. అది మండాక మిగిలేది క్లోరైడ్, అంటే మన వంటింటి ఉప్పుకు దాయాది. బ్లాక్ పౌడర్ కంటే అది తుప్పు పట్టించడంలో తక్కువేమీ తినలేదు. ప్లగ్ మరల్లోకి ఆ ఉప్పు దిగి, ఏడాదిగా అక్కడే పనిచేసింది. తుపాకీ ఖాళీ అని కడ్డీతో నిర్ధారించుకుని, తుప్పును వదులుచేసే నూనె మరల దగ్గర పోసి రాత్రంతా ఉంచండి. మర్నాడు ఆ ప్లగ్‌కు సరిపోయే రెంచితోనే, కుదుపు లేకుండా తిప్పండి. రెండు రోజులు ప్రయత్నించినా కదలకపోతే సుత్తి జోలికి, మంట జోలికి పోకుండా బాగుచేసేవారికి ఇవ్వండి. ఊడాక మరలను బ్రష్‌తో కడిగి, బిగించే ముందు యాంటీ సీజ్ గ్రీజు రాయండి. సీజన్‌లో పేల్చిన ప్రతి రాత్రీ ప్లగ్ విప్పి కడగాల్సిందే.

బ్లాక్‌హార్న్ 209 వేరే జాతి. అది నైట్రోసెల్యులోజ్ మీద ఆధారపడిన మందు, దాని మసి నీళ్ళకు లొంగదు. మామూలు రైఫిళ్ళకు వాడే సాల్వెంట్ కావాలి. అది 209 ప్రైమర్, అంటే దెబ్బ తగిలితే నిప్పు పుట్టించే చిన్న టోపీ, ఉన్న ఇన్‌లైన్ తుపాకులకే, ఫ్లింట్‌లాక్‌లో వాడకూడదు. ట్రిపుల్ సెవెన్ అనే మందు మసి అయితే నీళ్ళతోనే పోతుంది. ఏ డబ్బా కొన్నా ముందు మీ తుపాకీతో వచ్చిన పుస్తకంలో దాని పేరు ఉందో లేదో చూసుకోండి. తూటాలు నింపుకునే రీలోడింగ్ బల్ల మీద ఉండే మామూలు స్మోక్‌లెస్ పౌడర్‌ను మాత్రం పొరపాటున కూడా మజిల్‌లోడర్‌లో పోయకండి. ఆ ఒత్తిడిని ఈ గొట్టాలు తట్టుకోలేవు.

ప్రశ్న: తుపాకీ నూనె అయిపోయింది. ఇంట్లో కొబ్బరినూనె, నువ్వులనూనె, ఆముదం, డబ్ల్యూడీ-40 ఉన్నాయి. ఏది రాయమంటారు?
— ఒక పాఠకుడు, పిట్స్‌బర్గ్, పెన్సిల్వేనియా

జవాబు: ఈ రాత్రికి డబ్ల్యూడీ-40 పనికొస్తుంది. దాని అసలు పని తడిని తరిమేయడం. కడిగిన గొట్టంలో చల్లి, తుడిచేయండి. కానీ అది పలచని పొర, ఎక్కువ రోజులు కాపాడదు. రేపు నూనె కొని రాయండి. నువ్వులనూనె గాలికి ఆరుతూ జిగురవుతుంది, నెల తర్వాత గొట్టం బంకబంకగా ఉంటుంది. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది, పిట్స్‌బర్గ్ జనవరిలో దాని గతి మీకే తెలుసు. ఆముదం చిక్కదనం గొట్టానికి అక్కర్లేదు.

కాపాడే నూనె వేరు, గుండుకు చుట్టే గుడ్డకు రాసే కొవ్వు వేరు. గుడ్డకు వంటనూనె, జంతువుల కొవ్వు, తేనెమైనం లాంటివే మంచివి. పెట్రోలియం నూనె బ్లాక్ పౌడర్‌తో కాలితే తారులా గట్టిపడుతుంది. నేను తేనెమైనం, ఆలివ్ నూనె కరిగించి కలిపి చిన్న డబ్బాలో పోసుకుంటాను, చలి పెరిగితే నూనె పాలు పెంచుతాను. అందుకే వేటకు బయల్దేరే ముందు గొట్టంలోని కాపుదల నూనెను ఆల్కహాల్ గుడ్డతో పూర్తిగా తుడిచేయాలి. తుడిచాక ఖాళీ గొట్టంతోనే పాన్‌లో చిటికెడు మందు వేసి ఒకసారి మెరిపించి చూస్తే నిప్పు రంధ్రం ఆరిందో లేదో తెలుస్తుంది.

ప్రశ్న: మాది మార్కాపురం దగ్గర పల్లె. మా తాతగారు పంటల కాపలాకు లైసెన్సు తీసుకున్న నాటు తుపాకీ ఇంకా గోడకు వేలాడుతోంది. ఆయన పోయి పదేళ్ళయింది. తుప్పు పడుతోంది. జ్ఞాపకంగా దాచుకోవాలని ఉంది. ఎలా శుభ్రం చేయాలి?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీ ప్రేమ అర్థమైంది బాబూ, నాదీ ఆ పక్క ఊరే. కానీ మీరు దాన్ని శుభ్రం చేయకండి, ముట్టుకోకండి కూడా. మొదటి కారణం, అందులో మందు ఉండొచ్చు. కాపలా తుపాకీని రాత్రి నింపి గోడకు తగిలించడం ఆ రోజుల్లో మామూలు. పొడిగా ఉన్న బ్లాక్ పౌడర్ ఎన్నేళ్ళైనా శక్తి కోల్పోదు. పదేళ్ళు దానికి లెక్కే కాదు. రెండో కారణం, 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు ఉన్న మనిషి పోయాక ఆ తుపాకీ ఇంట్లో ఉండటానికి వీల్లేదు. పోలీస్ స్టేషన్‌లోగానీ లైసెన్సు ఉన్న డీలర్ దగ్గరగానీ అప్పగించాలి. ఆ తర్వాత వారసుడిగా లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. పదేళ్ళు ఆలస్యమైంది కాబట్టి ముందు ఒక లాయరుతో మాట్లాడి, తాతగారి లైసెన్సు పుస్తకం, మరణ ధ్రువపత్రం పట్టుకుని స్టేషన్‌కు వెళ్ళండి. తుపాకీని మీరు మోసుకెళ్ళొద్దు, అది గోడ మీదే ఉందనీ నిండి ఉండొచ్చనీ చెప్పండి, వాళ్ళే వచ్చి దించుతారు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం మన దగ్గర వేట నేరం కాబట్టి దాన్ని అడవికి తీసుకెళ్ళే ఆలోచన ఎవరికీ రానివ్వకండి. లైసెన్సు మీ పేరు మీదికి వచ్చి, తుపాకీ ఖాళీ అని డీలర్ రాసిచ్చిన రోజు మళ్ళీ ఉత్తరం రాయండి. ఆ తుప్పు ఎలా వదిలించాలో, తాతగారి చేతిపట్టు ఉన్న కొయ్య మెరుపు పోకుండా ఎలా తుడవాలో అప్పుడు వివరంగా చెప్తాను.